బాధ్యతల మధ్య ఆట, కళ, స్నేహం: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఉద్యోగమో చదువో ఒకవైపు, ఇంటి పని, పిల్లలు, పెద్దవాళ్ల బాగోగులు ఇంకోవైపు. ఇవన్నీ అయ్యాక మిగిలిన కాస్త సమయంలో బొమ్మలు వేసుకోవాలి, ఆడుకోవాలి, స్నేహితులతో తీరిగ్గా మాట్లాడుకోవాలి. ఈ మూడూ కావాలనుకోవడం అత్యాశేమీ కాదు. కాకపోతే చాలామంది మూడింటికీ ఒకే రకం టైమ్‌టేబుల్ వేసుకుంటారు. రోజూ సాయంత్రం అరగంట దీనికి, అరగంట దానికి అని. రెండు వారాలు బాగానే నడుస్తుంది. తర్వాత ఆఫీసులో పని మీద పడుతుంది, లేదా ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది. అంతే, టైమ్‌టేబుల్ మొత్తం మూలపడుతుంది.

ఈ మూడూ మన సమయాన్ని మూడు రకాలుగా అడుగుతాయి. ఆటను ముక్కలుగా చేసుకున్నా పెద్ద నష్టం లేదు. కళకు మనసు కుదురుకోవడానికే కొంత సమయం పోతుంది. స్నేహానికి మన తీరికతో పాటు ఇంకొకరి తీరిక కూడా కలిసి రావాలి. అందుకే రోజుకు ఎన్ని గంటలు మిగులుతున్నాయో లెక్కపెట్టుకుని ఊరుకుంటే సరిపోదు. ఏ సమయాన్ని దేనికి ఇస్తే నిలబడుతుందో చూసుకోవాలి. ఇక్కడ పోల్చబోయేది ఆ పద్ధతులనే.

## ముందు మీ వారాన్ని చూసుకోండి

వారానికి 168 గంటలు. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నిద్రకు 56 తీసేయండి. పనికీ ప్రయాణానికీ కలిపి 55 అనుకుందాం. వంట, స్నానం, భోజనం, బట్టలు, బజారు పనులు, పిల్లల చదువులు కలిపి రోజుకు ఐదు గంటలు వేసుకుంటే 35. ఇంకా 22 గంటలు మిగులుతాయి. కాగితం మీద ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అందులో సగం చేతికి అందినా గొప్పే. మిగతా సగం పది నిమిషాలు, పావుగంట ముక్కలుగా చెదిరిపోయి ఉంటుంది. సమయం చాలడం లేదని నిద్రలోంచి మాత్రం కోయకండి. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలని వైద్యుల సిఫారసు. నిద్ర తగ్గించి సంపాదించిన గంటలో వేసే బొమ్మ, ఆడే ఆట రెండూ నీరసంగానే ఉంటాయి.

తీరిక మరీ తక్కువని దిగులు పడేవాళ్లకు ఒక మాట. అమెరికాలో వేలాది మంది రోజువారీ సమయ వివరాలను విశ్లేషించి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఖాళీ సమయం రోజుకు దాదాపు రెండు గంటల వరకు పెరిగేకొద్దీ మనిషి సంతృప్తి కూడా పెరిగింది. ఐదు గంటలు దాటాక తగ్గడం మొదలైంది. అంటే రోజంతా ఖాళీగా దొరకాలని ఎదురుచూడక్కర్లేదు.

ఎంత మిగిలిందో తెలిశాక రెండు ప్రశ్నలు వేసుకోండి. మీ తీరిక గంట, గంటన్నరగా ఒకేచోట దొరుకుతోందా, ముక్కలుగా దొరుకుతోందా? అది ఎప్పుడు దొరుకుతుందో మీకు ముందే తెలుస్తోందా? కింద చెప్పే ఎంపికలన్నీ ఈ రెండు జవాబుల మీదే ఆధారపడతాయి. పిల్లలు చిన్నవాళ్లైన ఇంట్లో తీరిక ముక్కలుగా వస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియదు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఒకేసారి పెద్ద తీరిక దొరుకుతుంది, కానీ వారం వారం మారిపోతుంది. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరికీ అన్యాయమే.

## రోజూ కొంచెమా, వారానికి ఒక పూటా?

ఏదైనా కొత్తగా నేర్చుకునేటప్పుడు రోజూ కొంచెం చేయడం బాగా పనిచేస్తుంది. 1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పే పద్ధతులను పోల్చి చూశారు. ఒక బృందం రోజుకు ఒక గంటే సాధన చేసింది. ఇంకో బృందం రెండు గంటల చొప్పున రోజుకు రెండు విడతలు కూర్చుంది. వీటి మధ్యస్థంగా మరో రెండు బృందాలు ఉన్నాయి. రోజుకు గంట మాత్రమే కూర్చున్నవాళ్లు తక్కువ గంటల సాధనతోనే పట్టు సాధించారు. విచిత్రం ఏమిటంటే, తమ పద్ధతి మీద అందరికంటే తక్కువ తృప్తి ఉన్నదీ వాళ్లకే. రోజుల లెక్కన చూసుకుంటే మిగతావాళ్లకంటే వెనకబడ్డట్టు అనిపించింది కాబట్టి. కీబోర్డు మీద రోజూ ఇరవై నిమిషాలు వాయించేవాళ్లలో చాలామంది రెండో నెలలో ఎందుకు మానేస్తారో దీన్ని బట్టి అర్థమవుతుంది. చేయి తిరుగుతూనే ఉంటుంది, కానీ వాళ్లకు అది కనిపించదు. అందుకే ఈ పద్ధతి ఎంచుకునేవాళ్లు నెలకోసారి తమ వాయింపునో పాటనో ఫోన్లో రికార్డు చేసి దాచుకోవాలని గట్టిగా చెబుతాను. మూడు నెలల కిందటి రికార్డింగ్ విన్నప్పుడు ఎంత ముందుకొచ్చారో మీ చెవికే తెలుస్తుంది.

రోజూ చేయడానికి ఇంకో అనుకూలం, కొన్నాళ్లకు అది ఆలోచించకుండానే జరిగిపోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉంది. ఒకరోజు నాగా పడినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులో తేలింది. 21 రోజుల్లో అలవాటైపోతుందని నమ్మి, ఇరవై రెండో రోజున తమలో ఏదో లోపం ఉందని బాధపడేవాళ్లకు ఇది తెలియాలి.

ఇక ఈ పద్ధతి సరిపోని సందర్భాలూ ఉన్నాయి. సామాను పరచడానికి, సర్దడానికి ఎక్కువ సమయం పట్టే పని రోజూ చేయడం కష్టం. లోపలికి వెళ్లడానికి సమయం తీసుకునే రచన లాంటి పనికి పదిహేను నిమిషాలు చాలవు. ఆఫీసు పని మధ్యలో వదిలేసి వచ్చి కూర్చుంటే మనసులో సగం అక్కడే ఉండిపోతుంది. ఒక పని నుంచి ఇంకో పనికి మారినా పాత పని తాలూకు ఆలోచన వెంటాడుతూనే ఉంటుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన పరిశోధన కూడా చెబుతోంది. కాబట్టి కథ రాయడం, పెద్ద బొమ్మ వేయడం, కుండలు చేయడం లాంటివాటికి వారానికి ఒక పూట కేటాయించడమే మేలు. రెండున్నర, మూడు గంటలు ఒకేసారి. ఫోన్ పక్కగదిలో.

వారానికి ఒక పూట పద్ధతిలో ప్రమాదం ఒకటే. ఆ పూట పోతే పదిహేను రోజుల ఎడం వచ్చేస్తుంది. దీనికి విరుగుడుగా వారం మధ్యలో ఒక పది నిమిషాలు ఆ పనిని తాకి వదిలేయండి. కథ రాస్తున్నవాళ్లు చివరి పేజీ చదువుకుని, తర్వాత ఏం రావాలో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోవచ్చు. ఆదివారం కూర్చున్నప్పుడు ఖాళీ కాగితం బదులు ఆ రెండు వాక్యాలు కనిపిస్తాయి.

ఆట విషయంలో ఈ రెండింటి మధ్య పోటీ దాదాపు సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలి, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన వ్యాయామం. దీనికి తోడు కండరాలకు బలమిచ్చే కసరత్తు వారంలో కనీసం రెండు రోజులు. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతును ఈసారి తీసేశారు. అంటే మెట్లెక్కిన ఐదు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. మరోవైపు బ్రిటన్‌లో దాదాపు 90 వేల మంది చేతికి కదలికలు కొలిచే పరికరం పెట్టి సేకరించిన వివరాలతో 2023లో ఒక అధ్యయనం వచ్చింది. వ్యాయామమంతా వారంలో ఒకటి రెండు రోజుల్లోనే చేసినవాళ్లకు కూడా గుండె జబ్బుల ముప్పు వారమంతా చేసినవాళ్లకు తగ్గినట్టే తగ్గింది. కాబట్టి వీకెండ్‌లోనే కుదురుతుందని బాధపడనక్కర్లేదు. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఒక్కసారిగా కోర్టులోకి దిగేవాళ్లు మాత్రం పదిహేను నిమిషాలు ఒళ్లు వెచ్చబడేదాకా నెమ్మదిగా ఆడాలి.

## విడతల వారీగా, కలిపి, వీలైనప్పుడు

మూడోది విడతల పద్ధతి. మూడు నాలుగు నెలలు ఒకదానికి పెద్దపీట వేసి, మిగతా రెండింటిని బతికి ఉండేంత మేరకు నడిపించడం. పరీక్షలకు చదివేవాళ్లకు, ఏడాదిలో కొన్ని నెలలు పని బాగా పెరిగే ఉద్యోగాల వాళ్లకు ఇది మంచిది. కళకూ ఆటకూ బాగా నప్పుతుంది. స్నేహానికి నప్పదు. నాలుగు నెలలు స్నేహితులను పక్కన పెట్టి తర్వాత వస్తానంటే వాళ్ల జీవితం ఈలోగా ముందుకు వెళ్లిపోతుంది.

నాలుగోది రెండింటిని కలపడం. స్నేహితులతో కలిసి షటిల్ ఆడటం, నడుస్తూ ఫొటోలు తీయడం, చిన్ననాటి స్నేహితురాలితో కలిసి ఒకే సంగీతం క్లాసులో చేరడం. సమయం తక్కువున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే కలిపితే ఏదో ఒకటి వెనక్కి తగ్గుతుందని ముందే ఒప్పుకోవాలి. నలుగురితో నడిచేటప్పుడు కబుర్లు సాగుతాయి, ఫొటో కోసం వెలుతురు మారేదాకా ఒకచోట ఆగడం కుదరదు. స్నేహం, ఆట బాగా కలుస్తాయి. స్నేహం, కళ పాక్షికంగా కలుస్తాయి. ఆట, కళ దాదాపు కలవవు, నాట్యం వదిలేస్తే.

ఐదో పద్ధతి మనం ఎంచుకోకుండానే మన నెత్తిన వచ్చి పడేది: వీలైనప్పుడు చేద్దాం. అలెగ్జాండర్ బొరొదిన్ 19వ శతాబ్దపు రష్యాలో రసాయనశాస్త్ర ప్రొఫెసర్, గొప్ప సంగీత రచయిత కూడా. పాఠాలు, ప్రయోగశాల, ఇంటికి వచ్చిపోయే జనం మధ్య ఆయనకు సంగీతానికి తీరిక చిక్కేది కాదు. ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉన్నప్పుడే స్వరాలు రాసుకునేవాడు. అందుకే సంగీత ప్రపంచంలోని మిత్రులు ఆయన ఆరోగ్యం బదులు అనారోగ్యం కోరుకునేవారట. 1887లో ఆయన చనిపోయేసరికి ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన పెద్ద రచన అసంపూర్తిగానే మిగిలింది. దాన్ని మిత్రులు పూర్తి చేశారు. అంతటి ప్రతిభ ఉన్నవాడికే వీలు దానంతట అది రాలేదు. ఈ పద్ధతిని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఒకే ఒక మినహాయింపు: ఇంట్లో పసిబిడ్డ ఉన్న మొదటి నెలలు, లేదా ఎవరికైనా జబ్బు తీవ్రంగా ఉన్న రోజులు. అప్పుడు వీలైనంతే చేయాలి, మిగతాదాని గురించి టెన్షన్ పడకూడదు.

## ఏ ఆట

ఒంటరిగా చేసేవి, ఇద్దరు కావాల్సినవి, టీమ్‌తో ఆడేవి అని మూడు రకాలుగా చూసుకుంటే ఎంపిక తేలికవుతుంది.

నడక, పరుగు, ఈత, సైకిల్ మీ చేతిలో ఉంటాయి. ఎప్పుడు పడితే అప్పుడు మొదలుపెట్టొచ్చు. మానేసినా అడిగేవాళ్లు ఉండరు, ఇబ్బందంతా అక్కడే. వారం ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు ఇవే దిక్కు. టీమ్ ఆటలో మీకోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు కాబట్టి ఒళ్లు బద్ధకించినా వెళ్తారు. అయితే ఆటస్థలానికి వెళ్లి రావడం, బట్టలు మార్చుకోవడం, ఆట తర్వాత నిలబడి మాట్లాడటం కలిపి గంట ఆట రెండు గంటలు మింగుతుంది. ఇంట్లో చెప్పేటప్పుడు గంటే అని చెప్పకండి. రెండు గంటలని చెప్పి వెళ్తే తిరిగొచ్చాక గొడవ ఉండదు.

డబుల్స్ ఆడే నలుగురి బృందం ఎలా చెదిరిపోతుందో చూడండి. ఆటకు గంట ముందు గ్రూపులో "ఇవాళ నాకు కుదరదు" అని ఒక మెసేజ్ వస్తుంది. పది నిమిషాల్లో ఇంకొకరిది. మిగిలిన ఇద్దరిలో ఒకరు "సింగిల్స్ ఆడదామా" అని రాస్తారు. రెండోవాళ్లు చూసి జవాబివ్వరు. మూడు వారాలు ఇలా జరిగాక గ్రూపులో శుభాకాంక్షలు తప్ప ఏమీ కనిపించవు. నలుగురు ఆడే ఆటకు ఏడుగురిని పోగేసుకుంటే ఈ బాధ తప్పుతుంది. ఒక రోజు ఇద్దరు ఎక్కువొచ్చి కాసేపు బయట కూర్చోవాల్సి వస్తుంది, రానివ్వండి. ఆ కూర్చున్న పది నిమిషాల్లోనే చాలా స్నేహాలు కుదురుతాయి.

నా ఓటు: వారానికి ఒక రోజు నలుగురితో ఆట, మిగతా రోజుల్లో ఒంటరిగా నడకో కసరత్తో. నలుగురి ఆట ఆగిపోయిన వారం కూడా ఒంటికి పని దొరుకుతుంది.

## ఏ కళ, ఏ రూపంలో

కళను ఎంచుకునేటప్పుడు ఇష్టం ఎటూ ఉంటుంది. దాంతో పాటు నాలుగు విషయాలు చూడాలి. సామాను పరిచి మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యలో ఎవరైనా పిలిస్తే అలాగే వదిలి లేవగలమా? చప్పుడు అవుతుందా? పని సగంలో ఆగితే రేపటికి పాడవకుండా ఉంటుందా?

వాటర్ కలర్స్ చూడండి. కాగితాన్ని బోర్డుకు అంటించాలి, రెండు గిన్నెల్లో నీళ్లు పెట్టుకోవాలి, రంగులు తడిపి ఉంచాలి. ఆకాశానికి పలచటి రంగు పూయడం మొదలుపెట్టారంటే అది తడిగా ఉండగానే చివరి అంచుదాకా లాగాలి. మధ్యలో పాప ఏడ్చిందని లేచి వెళ్లి వస్తే అప్పటికి ఆరిపోయిన చోట గీత కట్టి ఉంటుంది, దాన్ని చెరపడం చాలా కష్టం. ఆయిల్ పెయింట్ నెమ్మదిగా ఆరుతుంది, మర్నాడు వచ్చి కూడా దిద్దుకోవచ్చు. కానీ వాసన, ఆరేదాకా బొమ్మను విడిగా పెట్టే చోటు కావాలి. పెన్నుతో వేసే స్కెచ్ ఏ క్షణంలోనైనా ఆపొచ్చు. క్రోషే అయితే కుట్టు మధ్యలో కూడా ఆపి లేవొచ్చు. మట్టిపని సగంలో ఆగితే ప్లాస్టిక్ కవరు చుట్టి తడి ఆరకుండా ఉంచాలి. కాల్చడానికి బట్టీ కావాలి కాబట్టి అది ఎటూ క్లాసుకు వెళ్లి చేసే పనే.

నాకు తెలిసిన ఒకావిడకు వాటర్ కలర్స్ అంటే ప్రాణం. రెండో బిడ్డ పుట్టాక ఏడాదిపాటు బ్రష్ ముట్టలేదు. పెట్టె తెరిచేలోగా ఎవరో ఒకరు లేచేవారు. చివరికి అరచేతిలో పట్టే పుస్తకం, ఒక నల్ల పెన్ను తీసుకుని పొయ్యి మీద పాలు కాగేలోపు గిన్నె మూత, నీళ్ల సీసా, నిద్రపోతున్న పిల్లల పాదాలు గీయడం మొదలుపెట్టారు. ఒక్కో బొమ్మకు నాలుగైదు నిమిషాలు. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ రంగులు తీస్తే గీత పదును తగ్గకపోగా పెరిగింది. ఇష్టమైన కళను మానేయకుండా అందులోనే చిన్న రూపానికి మారడం అంటే ఇదే. నవల రాసేవాళ్లు కొన్నాళ్లు కవితలు, డైరీ రాసుకోవచ్చు. వయొలిన్ వాయించేవాళ్లు ఇంట్లో చప్పుడు కుదరని రోజుల్లో వేళ్ల కదలికలు, తాళం సాధన చేసుకోవచ్చు.

క్లాసులో చేరాలా, సొంతంగా నేర్చుకోవాలా? వాయిద్యం, గాత్రం, నాట్యం మొదలుపెట్టేవాళ్లు మొదటి ఏడాదైనా గురువు దగ్గర నేర్చుకోవడం మంచిదంటాను. చేతి పట్టు, శ్వాస, అడుగు మొదట్లో తప్పుగా అలవాటైతే తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. బొమ్మలు, రచన, ఫొటోగ్రఫీ సొంతంగా మొదలుపెట్టొచ్చు. చేసినదాన్ని నెలకోసారైనా నమ్మకమైన మనిషికి చూపించాలి, అంతే. చూపించడానికి ఒకరున్నప్పుడు పని పూర్తవుతుంది.

ఇంకో విషయం. మీ చేతిపని బాగుంటే "అమ్మొచ్చుగా" అని ఎవరో ఒకరు అంటారు. అమ్మడం మంచిదే, ఇష్టమైతే. కానీ ఆర్డరు తీసుకున్న క్షణం నుంచి దానికి గడువు, జవాబుదారీ వచ్చి చేరతాయి, అంటే అది మీ బాధ్యతల పక్షానికి వెళ్లిపోతుంది. అలసిన మనసు తేరుకోవడానికి పెట్టుకున్న పని అదొక్కటే అయితే, దాన్ని కొన్నాళ్లు అమ్మకుండా ఉంచుకోండి. పని ఒత్తిడి నుంచి తేరుకోవడానికి నాలుగు దారులున్నాయని సోనెన్‌టాగ్, ఫ్రిట్జ్ అనే పరిశోధకులు 2007లో వివరించారు: పనిని మనసులోంచి తీసేయడం, విశ్రాంతి, కొత్తదానిలో నైపుణ్యం పెంచుకోవడం, సమయం తన చేతిలో ఉందన్న భావన. మనకోసం చేసుకునే కళలో ఈ నాలుగూ దొరుకుతాయి. ఆర్డరు మీద చేసేదాంట్లో నాలుగోది ముందు పోతుంది.

## స్నేహానికి ఎంత, ఎలా

మూడింటిలో తేలిగ్గా వెనక్కి పోయేది ఇదే. ఆట మానేస్తే ఒళ్లు బరువెక్కి గుర్తుచేస్తుంది. వాయిద్యం మూలన కనిపిస్తూ ఉంటుంది. స్నేహితులు మాత్రం "బిజీగా ఉన్నాడేమోలే" అని మనకు మంచి మనసుతో వెసులుబాటు ఇచ్చేస్తారు. అలా ఇస్తూ ఇస్తూనే దూరమవుతారు.

కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన పరిశోధనలో ఒక అంచనా ఇచ్చారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహితుడు అనిపించడానికి 90 గంటలు, ఆత్మీయుడు కావడానికి 200 గంటల పైనే. పైగా ఒకేచోట కలిసి పనిచేసిన గంటలు దీనికి అంతగా పనికిరాలేదు. వారానికి రెండు గంటలు కలిసి ఆడేవాళ్లకు ఏడాదికి దాదాపు వంద గంటలు. రెండేళ్లకు రెండొందలు. పెద్దయ్యాక కొత్త స్నేహాలు ఎందుకు కుదరవని బాధపడేవాళ్లు ఈ లెక్క చూడాలి. మనలో లోపమేమీ లేదు, గంటలు చాలలేదు. చదువుకునే రోజుల్లో ఆ గంటలు అడక్కుండానే వచ్చేవి.

కాబట్టి కొత్త స్నేహాలు కావాలంటే ప్రతివారం ఒకే మనుషులు కలిసే చోటును ఎంచుకోండి. క్లాసు, టీమ్, బృందగానం ఏదైనా. ఒక్కోసారి ఒక్కో కార్యక్రమానికి వెళ్తే పరిచయాలే పెరుగుతాయి.

పాత స్నేహాల సంగతి వేరు. వాటికి గంటలు ఇదివరకే పోగయ్యాయి, ఇప్పుడు కావాల్సింది తెగిపోకుండా చూసుకోవడం. ఇక్కడ మెసేజ్, ఫోన్, ముఖాముఖి మూడింటిలో నేను ఫోన్ వైపే మొగ్గుతాను. మెసేజ్‌లో గొంతు వినిపించదు. కలవడానికి ఇద్దరి సెలవులూ కుదరాలి. బట్టలు మడతపెడుతూనో, నడుస్తూనో ఇరవై నిమిషాలు మాట్లాడొచ్చు. కలిసినప్పుడు మాత్రం మరీ పెద్ద ఏర్పాట్లు వద్దు. "ఎప్పుడైనా కలుద్దాం" బదులు "నెలలో రెండో ఆదివారం సాయంత్రం ఐదింటికి, వచ్చినవాళ్లు వచ్చినట్టు" అని స్థిరంగా పెట్టుకుంటే తేదీ కుదర్చడానికి చేసే నలభై మెసేజ్‌లు మిగులుతాయి. ఆరుగురిలో ఇద్దరే వచ్చినా ఆ రోజు రద్దు కాదు.

ఒక్కరినే విడిగా కలవడానికీ గుంపుగా కలవడానికీ తేడా ఉంది. గుంపులో నవ్వులు ఎక్కువ, మనసులో మాట తక్కువ. ఈ మధ్య ఎవరైనా గుంపులో మౌనంగా ఉంటున్నారని గమనిస్తే వాళ్లను విడిగా కలవండి. ఆ వారం సాధన పోయినా ఫర్వాలేదు.

## ఏది ముందు పెట్టుకోవాలి, ఎవరికి ఏది

వరసగా చెప్పాలంటే, ఇంకొకరి మీద ఆధారపడినదాన్ని క్యాలెండర్‌లో ముందు రాయండి: స్నేహితులను కలిసే రోజు, టీమ్ ఆట, క్లాసు. తర్వాత మిగిలిన పెద్ద తీరికలో కళ. చివరగా ముక్కల్లో నడక, కసరత్తు, ఫోన్లు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, పెద్ద తీరికను జిమ్‌కు ఇచ్చి కథను పదిహేను నిమిషాల ముక్కల్లో రాయడానికి కూర్చుంటారు. రెండూ నలుగుతాయి.

ఆఫీసు వేళలు స్థిరంగా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వారంలో ఒక సాయంత్రం ఆట, ఒక వీకెండ్ పూట కళ, నెలకోసారి స్నేహితులు. మిగతాదంతా అదనం. షిఫ్టులవాళ్లు వారాన్ని లెక్కలోకి తీసుకోకుండా డ్యూటీ చార్టు వచ్చిన రోజే కూర్చుని, సెలవు రోజుల్లో ఒకదాన్ని పూర్తిగా నిద్రకు వదిలి, రెండోదానిలో ఒక పూట గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు ప్రతివారం ఒకే రోజు నడిచే టీమ్‌లు కష్టం, ఒంటరి వ్యాయామమే నయం. స్నేహితులకు ఆ చార్టు ఫొటో పంపేయండి, వాళ్లే మీకు కుదిరే రోజు చూసుకుంటారు.

విద్యార్థులు పరీక్షల ముందు ఆటను పూర్తిగా ఆపేస్తారు, పెద్దలూ ఆపమంటారు. నేను ఒప్పుకోను. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తగ్గించాల్సి వస్తే పోటీలకు వెళ్లడం తగ్గించండి, సాయంత్రం ఆట ఉంచండి. కళను విడతల పద్ధతిలోకి మార్చి సెలవుల్లో అందుకోవచ్చు.

ఇంట్లో మంచాన ఉన్నవాళ్లను చూసుకునేవాళ్లకు అన్నిటికంటే ముందు మనుషులు కావాలి. వాళ్లు బయటికి వెళ్లలేరు కాబట్టి స్నేహితులే ఇంటికి రావాలి, రమ్మని అడగడానికి మొహమాటపడకూడదు. ఏ స్నేహితుడైనా "ఏం సాయం చేయమంటావు" అంటే "బుధవారం సాయంత్రం రెండు గంటలు ఇక్కడ కూర్చో, నేను అలా నడిచొస్తాను" అని చెప్పేయండి.

## పోటీ పడినప్పుడు

రెండూ ఒకే సాయంత్రం మీద పడినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే తేలుతుంది: ఇది మళ్లీ వస్తుందా? సాధన రేపు కూడా ఉంటుంది. స్నేహితుడు ఊరు మారేముందు చివరి సాయంత్రం మళ్లీ రాదు. ఆఫీసు పని చాలావరకు రేపటికి ఆగుతుంది, పిల్లల బడిలో నాటకం ఆగదు. అయితే ప్రతిసారీ కళే వెనక్కి తగ్గుతోందంటే, రెండు వారాలకు మించి అలా జరగనివ్వకండి. మూడో వారం స్నేహితులకు ముందే చెప్పేసి ఆ పూట దానికే ఇవ్వండి. మంచి స్నేహితులు అర్థం చేసుకుంటారు.

ఇక అసలు బేరమంతా ఇంట్లోనే జరగాలి. భార్యాభర్తల్లో ఒకరి ఆటకు తీరిక దొరుకుతోందంటే చాలాసార్లు ఆ సమయంలో ఇంకొకరు ఇల్లు చూసుకుంటున్నారు. అది మాటల్లోకి రాకపోతే కోపంగా బయటపడుతుంది. ఒకరికి మంగళవారం సాయంత్రం, ఇంకొకరికి గురువారం సాయంత్రం అని గోడ క్యాలెండర్ మీద ఇద్దరి పేర్లూ రాసుకోండి. ఆ రోజు ఇల్లు చూసుకునేవాళ్లు వంటా, పిల్లల పనీ పూర్తిగా తమదే అనుకోవాలి, బయట ఉన్నవాళ్లకు ఫోన్ చేసి పాప యూనిఫారం ఎక్కడుందని అడగకూడదు. గురువారం భార్యదైతే, ఆ సాయంత్రం ఆమె ఏం చేస్తుందన్నది ఆమె ఇష్టం. పాడుకోవచ్చు, స్నేహితురాలిని కలవొచ్చు, తలుపేసుకుని నిద్రపోవచ్చు కూడా.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఆరు వారాలు మార్చకుండా నడపండి. ఆ తర్వాత మూడు విషయాలు చూసుకోండి: ఎన్నిసార్లు తప్పిపోయింది, తప్పిపోవడానికి కారణం ఒకటేనా, చేసిన రోజున ఎలా అనిపించింది. కారణం ఒకటే అయితే మార్చాల్సింది రోజునో వేళనో. కారణాలు రకరకాలుగా ఉంటే పద్ధతినే మార్చి, రోజూ చేసేదాన్ని వారానికి ఒక పూటకో, వారానికి ఒకసారి చేసేదాన్ని రోజూ పది నిమిషాలకో తిప్పి చూడండి. చేసిన రోజున కూడా సంతోషం లేకపోతే, ఆ పని మీకు ఇష్టమై పెట్టుకున్నదా, ఎవరినో చూసి పెట్టుకున్నదా అని నిదానంగా ఆలోచించి, రెండోదైతే నిస్సంకోచంగా వదిలేయండి. ఆ గంటను మిగతా రెండింటిలో దేనికి ఇవ్వాలో అప్పటికి మీకే తెలిసి ఉంటుంది.